తిరుపతి చెప్పిండు

ఆ ఆదివారం పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. సముద్రంలో ఎక్కడో వాయుగుండం పట్టిందట. దాని కొంగు ఇక్కడిదాకా వచ్చి నాచారం మీద పరుచుకుంది. కురిసే మబ్బు కాదది. కురిసే మబ్బు కింది అంచు నల్లగా, బరువుగా ఉంటుంది. ఇది పలచగా, బూడిద రంగులో, రోడ్ల మీద వడ్లు ఆరబోసుకున్న రైతులను భయపెట్టి పోవడానికే వచ్చినట్టుంది. ఉప్పల్ వైపు ఒకచోట ఎండ పొడుచుకు రావాలని చూసి, మానుకుంది.

ఉపేందర్ మెట్ల మీద కూచుని ఆ మబ్బునే చూస్తున్నాడు. కళ్లు దాని మీదే ఉన్నాయి గాని అతనికి కనిపిస్తున్నది వేరే ఆకాశం.

డెహ్రాడూన్ ఆకాశం. చుట్టూ కొండలు, నడుమ లోయలో ఊరు. పొద్దుగూకితే పై కొండ మీద ముస్సోరీ దీపాలు ఒకటొకటే వెలిగేవి. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, ఒక సాయంత్రం ఉన్నట్టుండి "పద, పోదాం" అనుకుని, ఆ వారంలోనే ఆలుమగలు ఇద్దరూ విమానమెక్కి వెళ్లొచ్చిన ఊరు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌కూ, అమ్మ సారలమ్మకూ, కింద ఉండే ఇంటి యజమానురాలు ఐలమ్మకూ "తిరుపతి పోతున్నం" అని చెప్పారు. తిరుపతి అంటే ఎందుకని ఎవరూ అడగరు. సెలవంటే మొహం ముడుచుకునే సూపర్‌వైజర్ కూడా చేతులు జోడించి, తన పేరున ఒక దండం పెట్టుకు రమ్మన్నాడు.

అంతా బాగానే నడిచింది. చివరి సాయంత్రం లాడ్జి వరండాలోనే చెడింది. రెండు చేతుల్లో రెండు చాయ్ గ్లాసులతో వచ్చిన ఉపేందర్‌కు, కొండల వైపు తిరిగి ఫోన్‌లో మాట్లాడుతున్న హిమజ గొంతు వినపడింది.

"తిరుపతి చెప్పిండు గాబట్టే గదనే, గింత దూరం రాగలిగిన."

అతన్ని చూసి ఫోన్ పెట్టేసింది. "దోస్తు," అంది. గ్లాసు అందుకుని "మస్తు చలి" అంది.

అతను అడగలేదు. తిరుగు ప్రయాణంలో అడగలేదు. ఇంటికొచ్చి బ్యాగు విప్పినప్పుడూ అడగలేదు. చెప్పిండు. ఆ చివరి అక్షరం పంటి సందున ఇరుక్కున్న పీచులా ఉంది. ఊరు చెప్పదు. ఒకవేళ ఊరే చెప్పినా "చెప్పింది" అంటారు. "చెప్పిండు" అన్నదంటే మనిషి. మగమనిషి.

ఉపేందర్ వాల్వులు చేసే కంపెనీలో ఇనుము తరిగే లేత్ మిషన్ నడుపుతాడు. మిషన్ గొంతు రవ్వంత మారితే లోపల పనిముట్టు మొద్దుబారిందని చూడకుండానే పట్టేస్తాడు. అలాంటి చెవికి చిక్కింది ఆ మాట. ఇక వదిలిపెట్టడం ఆ చెవి చేతిలో లేదు.

పీర్జాదిగూడలో కూతురింట్లో ఉంటున్న సారలమ్మ పొద్దున్నే బస్సెక్కి దిగింది. చేతిలో ఖాళీ స్టీలు డబ్బా. ప్రసాదం పట్టుకుపోవడానికట. అపార్ట్‌మెంట్‌లో అందరికీ పంచుతానని చెప్పి మరీ వచ్చింది. ఆమె గొంతు విని కింది నుంచి ఐలమ్మ కూడా మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కింది.

"లడ్డు యాడ పెట్టినవ్ బిడ్డా?" అని కోడలిని అడిగింది సారలమ్మ.

హిమజ వంకాయలు కోస్తోంది. చెయ్యి ఆగలేదు. "వస్తది అత్తమ్మా. ఆ సంచి వేరేటోళ్ల సామాన్ల కలిసింది. ఇయ్యాల తెచ్చిస్తమన్నరు."

"తిరుపతి పోయి లడ్డు మరిసొచ్చినోళ్లను మిమ్ముల్నే సూస్తున్న," అని నవ్వింది ఐలమ్మ. ఉపేందర్ తల వైపు చూసింది. "గుండన్న కొట్టిచ్చుకోలేదేందయ్యా? జుట్టు మీద గంత పావురమా, ఇడువబుద్ధి కాలేదా?"

"మొక్కు లేదవ్వా."

"మూడేండ్లాయె లగ్గమై. మొక్కుకోనీకి ఏం లేదా?"

ఆ మాటకు సారలమ్మ డబ్బా మూత తీసి మళ్లీ పెట్టింది. ఐలమ్మ హిమజ గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇక్కడ ఫ్యాక్టరీలు లేని రోజుల్లో, ఇదంతా జొన్నచేలుగా ఉన్నప్పుడు పుట్టిన మనిషి. ఆమె చూపు దేన్నీ ఊరికే వదలదు.

"బుగ్గలేంది పిల్లా, గిట్ల పలిగినయ్? సలి దేశానికి పోయొచ్చినట్టు."

"కొండ గదవ్వా. గాలి."

"అవ్ మల్ల, కొండనే. ఇంతకు తిరుపతి ఎట్లున్నది?"

"మంచిగున్నది," అంది హిమజ.

ఉపేందర్ ఆమె ముఖాన్నే చూస్తున్నాడు. ఆ పేరు వినగానే రెప్ప కదిలిందా? కదిలినట్టే ఉంది. కదలనట్టూ ఉంది. "ఉన్నది" అంది. "ఉన్నడు" అనలేదు. అయినా అత్త ముందు ఎట్లా అంటుంది?

"శానాసేపు నిలబెట్టిన్రా?"

"శానాసేపు."

"కండ్ల నిండ సూసినవా?"

"చూసిన అవ్వా. కండ్ల నిండ చూసిన."

అంటూ నవ్వింది హిమజ. ఏదో గుర్తొచ్చి తనలో తను నవ్వుకునే నవ్వు. అందులో తనకు చోటు లేదనిపించింది ఉపేందర్‌కు.

ఐలమ్మ దిగి వెళ్లింది. సారలమ్మ పప్పు కడుగుతానని కూచుంది. హిమజ మొగుడి పక్కగా వచ్చి గొంతు తగ్గించింది. "పైన స్వెటర్లు ఆరలే. అత్తమ్మ ఎక్కకముందుగాల తీసి దాయాలె."

ఆమె వెనకే అతనూ డాబా ఎక్కాడు.

దండెం మీద పెద్ద దుప్పటి ఆరేసి ఉంది. దాని చాటున రెండు ఉన్ని స్వెటర్లు, ఒకటి మెరూన్, ఒకటి నీలం, డెహ్రాడూన్ బజారులో కొన్నవి. ఎండ లేక అవి నిన్నటి నుంచి తడి బరువుతో కిందికి సాగుతున్నాయి. తిరుపతి వెళ్లినవాళ్లకు స్వెటర్లతో ఏం పని? హిమజ దుప్పటి కిందికి వంగి మెరూన్ స్వెటర్ చేతులు పిండింది.

"తిరుపతి అంటే ఎవడు?" అన్నాడు ఉపేందర్.

ఆమె వంగినచోటనే ఉంది. "ఎవడేంది? ఊరు."

"ఊరు చెప్పిండా?"

నీళ్లు చుక్కలు చుక్కలుగా సిమెంటు మీద పడ్డాయి. ఆమె మెల్లగా నిలబడింది.

"వరండల ఇన్నవా?"

"ఇన్న."

"ఇని ఇన్ని దినాలు కడుపుల పెట్టుకున్నవా?"

"నువ్వెన్ని దినాల సంది పెట్టుకున్నవ్?"

హిమజ స్వెటర్‌ను దండెం మీద వేసి చేతులు కొంగుకు తుడుచుకుంది. దాచే మనిషి ముఖం కాదు. చెప్పక తప్పదని తెలిసిన మనిషి ముఖం. ఉపేందర్‌కు దాచే ముఖమే నయమనిపించింది.

"మా క్లినిక్‌ల ల్యాబ్ చూస్తడు. నేను రక్తం తీసిస్త, ఆయన పరీక్ష చేస్తడు."

హిమజ ఏఎస్ రావు నగర్‌లో ఒక క్లినిక్‌లో పనిచేస్తుంది. అక్కడ ల్యాబ్ ఉందనీ, అందులో ఒక మనిషి ఉంటాడనీ ఉపేందర్ ఏనాడూ ఆలోచించలేదు.

"ఆయనా?" అన్నాడు. "నీకు ఆయన అంటే నేను గదా?"

"ఇగో, మాటలు పట్టుకోకు."

"పట్టుకోనీకి నా చేతిల ఇంకేమున్నది? పెండ్లయిందా ఆయనకు?"

"కాలే."

"మంచిది."

"ఏం మంచిది? గట్ల మాట్లాడితే నేను చెప్ప."

అతను పిట్టగోడకు ఆనుకున్నాడు. ఆమె చెప్పింది. తిరుపతి రెండేళ్లు డెహ్రాడూన్‌లో పనిచేసి వచ్చిన మనిషి. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పుకున్నప్పుడు ఫోన్‌లో ఫోటోలు చూపించేవాడు. కొండలు, లోయ, పొద్దున్నే పొగమంచులోంచి ఒక్కొక్కటే తేలే ఇళ్లు.

"నాకు గా ఊరు కండ్లల్ల పడ్డది. చచ్చేలోపల ఒక్కసారన్న సూడాలె అనుకున్న."

"నాకు చెప్పలే."

"చెప్తే ఏమంటవ్?"

అతను పిట్టగోడ మీది సున్నం పెచ్చును గోటితో లేపాడు.

"చూద్దాం అంటవ్," అంది హిమజ. "యాదగిరిగుట్ట అంటే చూద్దాం. సినిమ అంటే చూద్దాం. మా చెల్లె పెండ్లికి జర ముందుగాల పోదాం అంటే చూద్దాం. ఆఖరికి తలంబ్రాలు పోసినంక పోయినం. నీ చూద్దాంతోని నా కండ్లు కాయలు కాసినయ్."

"మరి పోదామన్నదెవరు?" ఉపేందర్ గొంతు లేచింది. కింద అమ్మ ఉందని గుర్తొచ్చి దించాడు. "డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు ఇడవకముందే, పద డెహ్రాడూన్ పోదాం అన్నది నేను గాదా?"

అతని బతుకులో ముందూ వెనకా చూడకుండా చేసిన పని అదొక్కటే. చదువు అన్న చెప్పింది చదివాడు. కొలువు మామ చూపించింది చేశాడు. పెళ్లి అమ్మ కుదిర్చింది. ఆ ఒక్క సాయంత్రం మాత్రం ఎవరూ చెప్పకుండా గడపలో నిలబడి "పద" అన్నాడు. హిమజ చేతిలో చీపురు కిందపడింది. నోరు తెరుచుకుని చూసింది. ఆ చూపు కోసం అతను ఎన్ని షిఫ్టులైనా చేస్తాడు. డెహ్రాడూన్‌లో చలికి వణుకుతూ కూడా మనసులో దాన్నే తీసి చూసుకుని మురిసిపోయాడు.

హిమజ అతని వైపు చూసింది. జాలి అది. కోపమైతే తట్టుకునేవాడు.

"ఎందుకన్నవో యాదికున్నదా?"

గుర్తుంది. కంపెనీ గేటు ముందు చాయ్ బండి. షిఫ్టు దిగి నిలబడ్డాడు. పక్కన మోచేతికి హెల్మెట్ తగిలించుకున్న ఒక సన్నటి మనిషి చాయ్ ఊదుకుంటూ ఫోన్ చూసుకుంటున్నాడు. ఆ మనిషే పలకరించాడు. "అన్నా, గీ ఊరు ఎట్లున్నదో జర సూడు," అని కొండలు చూపించాడు. "పెండ్లయిందా అన్నా? అయితే వదినెను ఒక్కసారి తీస్కపో. రేపు మాపు అనుకుంటే కొండలు ఏడికి పోవు గని, మనమే పోతం." నవ్వాడు. బండి ఎక్కి వెళ్లిపోయాడు. ఉపేందర్ ఆ మాటను జేబులో వేసుకుని ఇంటికి నడిచాడు. గడప చేరేసరికి అది తన మాటే అయిపోయింది. ఆ మనిషి సంగతి హిమజకు చెప్పలేదు. చెబితే అది తన మాట కాకుండా పోతుందని చెప్పలేదు.

ఇప్పుడు ఆమె అడుగుతోంది.

"చాయ్ బండి కాడ..." అని ఆగిపోయాడు.

"ఆయనే తిరుపతి," అంది హిమజ. "నేనే పంపిన."

కింద వీధిలో గ్యాస్ సిలిండర్ల ఆటో గలగలమంటూ పోయింది. అది మలుపు తిరిగేదాకా ఇద్దరూ ఆగారు.

"నేను అంటే చూద్దాం అంటవ్. పరాయోడు అంటే పోదాం అంటవ్. నీ గుణం నాకెరుక. అందుకే ఆయనను బతిమాలిన. నువ్వొచ్చి పద అన్నప్పుడు నాకెంత సంబురమైందో నీకేం తెలుసు? మాట ఎవరు పెడితేంది, అన్నది నువ్వు గదా."

"మాట వానిది. నోరు నాది."

"గట్లనకు."

ఉపేందర్ చూపు దుప్పటి మీద నిలిచింది. తన పెళ్లాం మనసులో ఏముందో తనకంటే ముందు ఒకడికి తెలిసింది. వాడు తన షిఫ్టు ఎప్పుడు దిగుతుందో తెలుసుకుని వచ్చాడు. పక్కన నిలబడి తనను పైకీ కిందికీ చూశాడు. ఈ మనిషి నోట్లో ఏ మాట పెడితే ఏం చేస్తాడో ముందే తెలిసి, పెట్టి, పోయాడు. తను ఆ మాటను పూలదండలా మోసుకొచ్చి ఇంట్లో ఇచ్చాడు. గడపలో హిమజ చూసిన చూపు మరి ఎవరిది? తనదా, వాడిదా?

"నేను పద అన్న మర్నాడు క్లినిక్‌ల ఇద్దరు నవ్వుకున్నరా?"

హిమజ దుప్పటి అంచు సవరించింది. అబద్ధం ఆడితే సరిపోయేది.

"జరంత," అంది.

అతను తల ఊపాడు. అరవాలనిపించింది, అరవడం చేతకాలేదు. నీలం స్వెటర్ లాగి చంకలో పెట్టుకున్నాడు. దాని తడి చొక్కాలోకి దిగింది.

"ఇంకేమన్న ఉన్నదా?"

"ఉన్నది." హిమజ ఒక అడుగు దగ్గరికొచ్చింది. "ఆడనే చెప్దామనుకున్న. ముస్సోరీ ఎక్కినప్పుడు, ఆ గాలిల, నా చెవి కాడికొచ్చి ఒక మాటన్నవ్, యాదికున్నదా? గీడనే ఉండిపోతే ఎంత మంచిగుండు అన్నవ్. అప్పుడు నోటిదాక వచ్చింది..."

"ఓ కోడలా!" కింది నుంచి సారలమ్మ పిలిచింది. "ఎవలో తిరుపతి అంట! వచ్చిండు!"

వచ్చిండు. అమ్మ కూడా అదే అక్షరం పట్టుకుంది.

వాళ్లు దిగేసరికి ముందుగదిలో ఆ సన్నటి మనిషే చాప మీద కూచుని ఉన్నాడు. మోచేతికి హెల్మెట్ లేదు గాని ఆ నవ్వు అదే. పక్కన సంచి. అందులోంచి నెయ్యి వాసన గది నిండా. మొగుడి చంకలోని నీలం స్వెటర్ కూడా లాక్కుని, రెండిటినీ వీపు వెనక పెట్టుకుని హిమజ లోపలికి జారింది.

"తిరుపతి కెల్లి తిరుపతి వచ్చిండురా కొడుకా," సారలమ్మ ముఖం వెలిగిపోతోంది. "లడ్లు తెచ్చిండు."

"మీ సంచి మా సామాన్ల కలిసిందమ్మా," అన్నాడు తిరుపతి. ఎక్కడా తడబడలేదు. ఆ అబద్ధం అతనికి ముందే అప్పజెప్పినట్టుంది.

"అంటే మీరంత కలిసే పోయిన్రా?"

"ఆ... కలిసే," అని ఉపేందర్ వైపు చూసి నవ్వాడు. "అన్నా, మంచిగున్నవా? ఎట్లున్నది మనూరు?"

మనూరు. డెహ్రాడూన్‌నే అన్నాడు. ఉపేందర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "మంచిగనే ఉన్నది," అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

సారలమ్మ సంచి పట్టుకుని లడ్డూలు డబ్బాలో సర్దడానికి వంటింట్లోకి వెళ్లింది. హిమజ చెంబుతో నీళ్లు తెచ్చింది.

"హిమజా," అన్నాడు తిరుపతి.

ఈ ఊళ్లో కూరగాయలు అమ్మేవాడు కూడా ఆమెను అక్కా అంటాడు. పాలవాడు చెల్లె అంటాడు. ఐలమ్మ కొడుకులు వదినె అంటారు. ఎవరికి తోచిన వరస వారు కలుపుకుంటారు. చాయ్ బండి దగ్గర వదినె అన్న నోరే ఇప్పుడు ఏ వరసా లేకుండా, ఒట్టి పేరు పెట్టి పిలిచింది. హిమజ ఉలిక్కిపడలేదు. రోజూ వినే పిలుపుకు ఎవరు ఉలిక్కిపడతారు?

"నిన్న డెహ్రాడూన్ దవాఖాన నుంచి ఫోనొచ్చింది. మనకు ఒకటో తారీఖు జాయినింగ్. ఇద్దరికి ఒక్క ల్యాబ్‌లనే. రేపటికల్ల అవునో కాదో చెప్పాలెనంట." చెంబు అందుకుని ఉపేందర్ వైపు తిరిగాడు. "నీది గొప్ప మనసు అన్నా. అందరు మొగోళ్లు ఒప్పుకోరు. నువ్వే అన్నవంట గదా, ఆడనే ఉండిపోతే ఎంత మంచిగుండు అని."

దవాఖాన అన్నాడు, జాయినింగ్ అన్నాడు. అవి ఉపేందర్‌కు తర్వాత అర్థమయ్యాయి. ముందుగా తగిలింది వేరే. ఆ కొండ మీద, ఆ గాలిలో, తన పెళ్లాం చెవిలో తను అన్న మాట. మూడో మనిషి లేని చోట అన్న మాట. అది ఈ మనిషి నోట్లోంచి, ఉన్నది ఉన్నట్టు, తిరిగి వచ్చింది.

హిమజ వైపు చూశాడు. ఆమె కళ్లు నేల మీద ఉన్నాయి.

తిరుపతి ఒకరి ముఖం నుంచి ఇంకొకరి ముఖానికి చూశాడు. నవ్వు మెల్లగా దిగిపోయింది. "చెప్పలేదా?" అన్నాడు చాలా చిన్నగా.

"ఏడ జాయినింగు నాయనా?" సారలమ్మ డబ్బా మూత చేతిలో పట్టుకుని వంటింటి గడపలో నిలబడి ఉంది. "ఏడ ఉండిపోవుడు?"

తిరుపతి చెంబు నేల మీద పెట్టాడు. మూత ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"అన్నం అయింది అత్తమ్మా," అంది హిమజ. "కూసోండ్రి."

తిరుపతి లేవబోయాడు. "నేను పోత, పనున్నది..."

"ప్రసాదం తెచ్చిన మనిషిని ఉత్తగ పంపుతమా?" అంది సారలమ్మ. ఆ గొంతులో ఆదరణ ఉంది. ఇంకేదో కూడా ఉంది. "కూసో."

కూచున్నాడు. ఆ గది చిన్నది. నలుగురు కూచుంటే మోకాళ్లు ఒకదానికొకటి తగలకుండా కూచోవడం కష్టం. వంకాయ కూర, పప్పుచారు. హిమజ అందరికీ వడ్డించి తను కూడా పళ్లెం తెచ్చుకుంది. మొగుడి పక్కన చోటుంది, తిరుపతి పక్కన చోటుంది. రెండూ వదిలేసి అత్త పక్కన ఒదిగి కూచుంది.

కూరలో ఉప్పు తక్కువైంది. ఎవరూ అడగలేదు. ఉప్పు డబ్బా గూట్లోనే ఉండిపోయింది. ఉపేందర్ ముద్ద మీద ముద్ద మింగాడు. "మనకు" అన్నాడు వాడు. ఆ "మన"లో ఎవరెవరున్నారో అతను లెక్క చూసుకుంటున్నాడు. వాడు ఉన్నాడు, హిమజ ఉంది. తను అందులో ఉన్నాడో, దాని బయట కూచుని అన్నం తింటున్నాడో తేలలేదు.

సారలమ్మ పెరుగు గరిటె ఎత్తి ముందుగా వచ్చిన మనిషి పళ్లెం వైపు చాచింది. తిరుపతి చెయ్యి అడ్డం పెట్టకముందే హిమజ చెయ్యి అడ్డం వచ్చింది. అతను పెరుగు తినడు. ఆ సంగతి ఆ చేతికి తెలుసు. ఆలోచించుకోకుండానే తెలుసు.

చెయ్యి ఒక్క క్షణం అక్కడే, పళ్లెం మీద నిలిచింది. తర్వాత వెనక్కి పోయింది.

సారలమ్మ కోడలిని చూసింది. కొడుకును చూసింది. గరిటె తిప్పి కొడుకు పళ్లెంలో ఒంపింది. ఉపేందర్ తల ఎత్తలేదు, కలుపుకున్నాడు. తిరుపతి ఒట్టి అన్నం వేళ్లతో దగ్గరికి జరుపుకున్నాడు. హిమజ ముద్ద నోటిదాకా తెచ్చి, దించి, మళ్లీ ఎత్తింది.

నలుగురూ తింటూనే ఉన్నారు.